చదివిన బడికి పూర్వ విద్యార్థుల సాయం: ఎలా అడగాలి, ఎలా ఖర్చుపెట్టాలి, ఎలా లెక్క చెప్పాలి

సంక్రాంతి సెలవుల్లో ఏ ఊరి హైస్కూలు ముందు నుంచి వెళ్లినా గేటుకి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. ఫలానా సంవత్సరం పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. తెలంగాణలో అయితే దసరాకి, వేసవి సెలవులకి కూడా జరుగుతుంటాయి. రిటైరైన సార్లని, మేడమ్‌లని పిలిచి శాలువాలు కప్పుతారు, పాత బెంచీల్లో కూర్చుని ఫోటోలు దిగుతారు, సాయంత్రానికి అందరి కళ్లూ చెమ్మగిల్లుతాయి. చాలా మంచి విషయం, జరగాల్సిందే. కానీ పండగ సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి ఆ బడిలో ఏదీ మారదు. అంతమందికి బడి మీద ఉన్న ప్రేమ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద కొన్నాళ్లు నడిచి ఆగిపోతుంది. ఆ ప్రేమ ఏడాది పొడవునా బడికి అక్కరకొచ్చేలా చేయాలంటే ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా జిల్లా పరిషత్ హైస్కూళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, కాలేజీల సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

వరస చాలా ముఖ్యం. ముందు మనుషుల్ని వెతకాలి, తర్వాత బడికి ఏం కావాలో తెలుసుకోవాలి, అప్పుడు డబ్బు అడగాలి, ఖర్చుపెట్టాక లెక్క చెప్పాలి. ఎక్కువమంది మూడోదానితో మొదలుపెట్టి నాలుగోదాన్ని వదిలేస్తారు. మొదటిసారి అడిగితే ఇచ్చినవాళ్లు రెండోసారి ఫోన్ ఎత్తకపోవడానికి పిసినారితనం కారణం కాదు, పోయినసారి ఇచ్చింది ఏమైందో వాళ్లకి ఎవరూ చెప్పకపోవడమే కారణం.

ముందు మనుషుల్ని వెతకండి

బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. దశాబ్దాల నాటివి కూడా బీరువాలో, అట్టలు ఊడిపోయి, చాలాచోట్ల భద్రంగానే ఉంటాయి. హెడ్మాస్టర్ గారికి ఒక కాగితం రాసిచ్చి, అనుమతి తీసుకుని, అక్కడే కూర్చుని మీకు కావాల్సిన బ్యాచ్‌ల పేరు, తండ్రి పేరు, ఊరు నోటుబుక్కులో రాసుకోండి. పేజీలకి ఫోన్‌తో ఫోటోలు తీయకండి. అందులో కులం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలతో సహా ఉంటాయి, అవి గ్రూపుల్లో తిరగాల్సినవి కావు. ఆ పని ఒక్క ఆదివారంలో అయిపోదు, పాత చేతిరాత చదవడానికే సమయం పడుతుంది, తొందరపడకండి.

తర్వాత ఒక్కో బ్యాచ్‌కి ఇద్దర్ని బాధ్యులుగా పెట్టుకోండి, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఇద్దరూ ఎందుకంటే, పూర్వ విద్యార్థుల జాబితాల్లో ఎప్పుడూ దొరకనిది ఆడవాళ్లే. పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోతారు, ఇంటిపేరు మారుతుంది, ఫోన్ నంబర్ మారుతుంది, ఫేస్‌బుక్‌లో పాత పేరుతో వెతికితే కనిపించరు. క్లాసులో సగం మంది అమ్మాయిలే ఉన్నా సమ్మేళనానికి వచ్చేది నలుగురైదుగురు. వాళ్లని వెతకాలంటే పుట్టింటి నుంచే మొదలుపెట్టాలి. అన్నదమ్ముల్ని అడగండి, వాళ్ల అమ్మని అడగండి. మగవాళ్లు ఫోన్ చేసి నంబర్ అడిగితే ఇవ్వడానికి ఇంట్లోవాళ్లు సంకోచిస్తారు, అందుకే ఆ ఫోన్ క్లాసులో కలిసి చదివిన ఇంకో ఆడమనిషి చేయాలి. ఇలా వెతికితే ఒక టీచరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక అంగన్వాడీ కార్యకర్త బయటికొస్తారు, బడి పనుల్లో వాళ్లే ముందుంటారు.

ఇంకొక మాట. పది పాసైనవాళ్లే పూర్వ విద్యార్థులు కాదు. ఎనిమిదిలో మానేసి మేస్త్రీ అయినవాడు, పది తప్పి ఆటో నడుపుతున్నవాడు, గల్ఫ్‌లో పనిచేస్తున్నవాడు కూడా ఆ బడి పిల్లలే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ల చుట్టూనే సంఘం తిప్పితే వీళ్లు వెనకే నిలబడిపోతారు. నిజానికి ఊళ్లో ఉన్నవాళ్లే మీకు ఎక్కువ అవసరం, ఎందుకంటే హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో డబ్బు పంపించొచ్చు కానీ ట్యాంకుకి పైపు సరిగ్గా బిగించారా లేదా అని వెళ్లి చూసేది ఊళ్లో ఉన్న మనిషే. అలాగే హైస్కూలుకి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి, తండాల నుంచి, కాలనీల నుంచి పిల్లలు వస్తారు. కమిటీలో అందరూ ఒకే ఊరివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే పార్టీవాళ్లు ఉంటే మిగతావాళ్లు ఏమీ అనరు, ఊరికే దూరంగా జరిగిపోతారు. మొదటి రోజు నుంచే దీన్ని చూసుకోండి.

పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టండి: పేరు, బ్యాచ్, సొంతూరు, ఇప్పుడుండే ఊరు, ఫోన్, చేసే పని, బడికి ఏ రకంగా సాయపడగలరు. చివరి గడి అన్నిటికన్నా విలువైనది. షీట్ ఇద్దరి దగ్గరే ఉండాలి, గ్రూపులో పెట్టకూడదు. వాట్సాప్‌లో అందరికీ కలిపి ఒక గ్రూపు, అందులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ పెట్టండి. ఒక గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కాబట్టి మామూలు హైస్కూలుకి అది చాలు. ముచ్చట్లు, రాజకీయాలు, పుట్టినరోజు కేకులు ఎవరి బ్యాచ్ గ్రూపుల్లో వాళ్లు చూసుకుంటారు.

బడికి ఏం కావాలో బడినే అడగండి

పూర్వ విద్యార్థులు తమంతట తాము నిర్ణయించేస్తే వచ్చేవి ఏంటో మీకూ తెలుసు. సరస్వతీ విగ్రహం, ముఖద్వారం ఆర్చి, దాతల పేర్లతో గ్రానైట్ పలక. వీటిని తప్పనను, కానీ మొదటివి ఇవి కాకూడదు.

బడి నడిచే రోజున, మధ్యాహ్న భోజనం వేళకి వెళ్లండి. చేతులు కడుక్కునే చోట కుళాయిలు ఎన్ని పనిచేస్తున్నాయో చూడండి, మరుగుదొడ్లకి నీళ్లు వస్తున్నాయా చూడండి, తలుపులకి గడియలున్నాయా చూడండి. ఆడపిల్లల్ని మేడమ్‌ల ద్వారా అడిగించండి, మీరు అడిగితే చెప్పరు. తర్వాత హెడ్మాస్టర్ గారితో, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్‌తో కూర్చోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, కాబట్టి బడి అవసరాల గురించి మాట్లాడే హక్కు మీకన్నా ముందు వాళ్లది.

ప్రభుత్వం నుంచి ఏం వచ్చింది, ఏం రాబోతోంది అన్నది కూడా అడగండి. ఆంధ్రలో 2019 నుంచి నాడు-నేడు కింద, తెలంగాణలో 2022 నుంచి మన ఊరు-మన బడి కింద చాలా బడులకి గదుల మరమ్మతులు, బెంచీలు, రంగులు, మరుగుదొడ్లు వచ్చాయి. వచ్చినదానికే మళ్లీ మీరు డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఎక్కడ చూసినా కొరత ఉండేది రెండు చోట్ల: ఉన్నదాన్ని చెడిపోకుండా చూసుకోవడానికి, ఖాళీగా ఉన్న సబ్జెక్టు పోస్టుకి పాఠం చెప్పే మనిషికి. ఆర్వో ప్లాంటు పెట్టించి ప్రారంభోత్సవం చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. దాని ఫిల్టర్లు మార్చేవాళ్లు లేక ఎన్ని ప్లాంట్లు బూజు పట్టి మూలన పడున్నాయో మీ మండలంలోనే చూడొచ్చు. అందుకే ఏ వస్తువు ఇచ్చినా దాని ఖరీదులో పదో వంతు, వీలైతే ఇంకా ఎక్కువ, మరమ్మతుల కోసం పక్కన పెట్టకుండా కొనకండి. కంప్యూటర్లు ఇస్తుంటే యూపీఎస్ బ్యాటరీలు మళ్లీ ఎవరు మారుస్తారో ముందే తేల్చుకోండి.

జాబితా తయారయ్యాక దానిమీద హెడ్మాస్టర్ గారి సంతకం తీసుకోండి. గదులు, ప్రహరీ లాంటి కట్టుబడి పనైతే మండల విద్యాధికారి ద్వారా పైనుంచి అనుమతి, ఇంజినీర్ వేసిన ఎస్టిమేట్ రెండూ లేకుండా ఒక్క ఇటుక కూడా దించకండి. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా కడితే తర్వాత ఎవరికైనా కోపం వచ్చినప్పుడు అదే పట్టుకుంటారు.

మొదటి పని చిన్నదిగా, త్వరగా పూర్తయ్యేదిగా ఎంచుకోండి

మొదటిసారే 20 లక్షల భవనం అని ప్రకటిస్తే, మూడు లక్షలు వచ్చి ఆగిపోతే, సంఘం మీద నమ్మకం అక్కడితో పోతుంది. దానికి బదులు ఇది చూడండి. పదో తరగతి పిల్లలకి పరీక్షల ముందు సాయంత్రం స్టడీ అవర్స్ ఉంటాయి. మధ్యాహ్నం తిన్న అన్నంతో సాయంత్రం ఆరు, ఏడింటి దాకా కూర్చోవాలి, పక్క ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఇంటికెళ్లేసరికి చీకటి పడుతుంది. ఆకలితో లెక్కలు ఎక్కవు. 60 మంది పిల్లలకి రోజుకి మనిషికి 15 రూపాయలతో ఉడికించిన సెనగలు, పల్లీపట్టీ, అరటిపండు, ఒకరోజు ఉప్మా ఇలా ఇస్తే రోజుకి 900. నలభై రోజులకి 36,000. ఒక బ్యాచ్‌లో 36 మంది తలా వెయ్యి ఇస్తే సరిపోయింది. లేదా ఒక రోజు ఖర్చు ఒకరు పెట్టుకుంటారు, పెళ్లిరోజుకో, నాన్నగారి వర్ధంతికో. ఇలాంటి పని రెండు నెలల్లో మొదలై పూర్తవుతుంది, ఫలితం కంటికి కనిపిస్తుంది, లెక్క ఒక పేజీలో సరిపోతుంది. ఊళ్లో వండే బాధ్యత మధ్యాహ్న భోజనం వండే అక్కలకి ఇస్తే వాళ్లకీ నాలుగు డబ్బులు.

ఒక్కటే గట్టిగా చెప్తాను. పిల్లల చేతుల్లో పొట్లాలు పెట్టి, దాతని మధ్యలో నిలబెట్టి ఫోటోలు తీయకండి. బ్యాగులైనా అంతే, బూట్లైనా అంతే. పదిహేనేళ్ల పిల్లకి ఆ ఫోటో రేపు క్లాసులో ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫోటో కావాలంటే వంట సామాను తీయండి, చదువుకుంటున్న గదిని వెనక నుంచి తీయండి.

సంఘం, ఖాతా, కాగితాలు

చిన్న పనికి సంఘం రిజిస్ట్రేషన్ దాకా పోనక్కర్లేదు, దాతలే నేరుగా దుకాణానికి కట్టేయొచ్చు. కానీ లక్షల్లోకి వెళ్లేముందు మాత్రం రిజిస్టర్ చేయించండి. ఒకరి సొంత ఫోన్‌పే నంబర్‌కి అందరూ డబ్బు వేయడం మన దగ్గర మామూలైపోయింది, అది ఆ మనిషికీ మంచిది కాదు, సంఘానికీ మంచిది కాదు. ఎంత నిజాయితీపరుడైనా అతని సొంత ఖాతాలో ఇంటి ఖర్చులు, బడి డబ్బులు కలిసిపోతాయి, రేపు పన్నుల వాళ్లు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది అతనొక్కడే.

రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీ పెట్టుకోవచ్చు. బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, మూడు విషయాలు తప్పకుండా రాయించండి: అధ్యక్ష కార్యదర్శుల పదవీకాలం రెండేళ్లు, వరసగా రెండుసార్లకి మించి ఉండకూడదు. ఖాతాకి ముగ్గురిలో ఇద్దరి సంతకం తప్పనిసరి. కమిటీలో ప్రస్తుతం పార్టీ పదవిలో ఉన్నవాళ్లు ఉండకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కమిటీ జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కి పంపాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది తర్వాత ఇది మర్చిపోతాయి, మళ్లీ ఏదైనా పెద్ద విరాళం వచ్చినప్పుడు పరుగెత్తుతాయి.

సంఘం పేరుతో పాన్, బ్యాంకు ఖాతా, దానికి క్యూఆర్ కోడ్. తర్వాత ఆడిటర్‌ని కలిసి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ, 80జి అని పిలిచే రిజిస్ట్రేషన్లు చేయించండి. 12ఎ ఉంటే సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు వస్తుంది. 80జి ఉంటే దాత ఇచ్చినదాంట్లో సగం మీద, ఒక పరిమితి దాకా, పన్ను మినహాయింపు వస్తుంది. కానీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే, నగదైతే 2,000 దాకానే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి ఏమీ రాదు, ఆ సంగతి ముందే చెప్పండి, తర్వాత అడిగి బాధపడతారు. దాత పాన్ నంబర్ డబ్బు తీసుకున్నప్పుడే రాసుకోవాలి, ఏడాది చివర దాతల వివరాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసి వాళ్లకి సర్టిఫికెట్లు ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి పాత సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి, ఆడిటర్ని అడక్కుండా ఎవరో పంపిన పాత ఫారం నింపకండి.

విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు

ఇక్కడ చాలామంది తెలియక తప్పు చేస్తారు, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. మీ క్లాస్‌మేట్ అమెరికాలో ఉన్నా, కువైట్‌లో ఉన్నా, భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్ కార్డు ఉన్నా అతను భారత పౌరుడే. కానీ అమెరికా పౌరసత్వం తీసేసుకుంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నాసరే, చట్టం దృష్టిలో అతను విదేశీయుడే. అతని దగ్గర తీసుకోవాలంటే సంఘానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి మామూలుగా సంఘం పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే ముందు రావాలి. 2020లో చేసిన సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం కూడా కుదరదు.

"మా బావమరిది ఖాతాకి వేస్తా, అతను మీకు వేస్తాడు" అని ప్రేమతోనే అంటారు. ఒప్పుకోకండి. కాబట్టి విదేశాల్లో ఉన్న ప్రతివాళ్లనీ డబ్బు తీసుకునే ముందే "అన్నా, పాస్‌పోర్టు ఇండియాదేనా?" అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. పౌరసత్వం మారినవాళ్లని అలాగని వదిలేయకండి, వాళ్లు శనివారం రాత్రి జూమ్‌లో పదో తరగతి పిల్లలకి ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పొచ్చు, అది మన పిల్లలకి ఆదివారం ఉదయం అవుతుంది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు, హెడ్మాస్టర్ గారి మాట చాలు.

ఎలా అడగాలి

గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టి "దయచేసి అందరూ స్పందించగలరు" అంటే ఎవరూ స్పందించరు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే ఉంటుంది. ఫోన్ చేయాలి, పేరు పెట్టి పిలవాలి, ఇంత అని చెప్పాలి. అడిగేవాడు ముందు తను ఇచ్చి ఉండాలి, ఇది తప్పించుకోలేని నియమం.

సీనియర్‌కి ఫోన్ ఇలా ఉంటే బాగుంటుంది: "నమస్తే అన్నా, నేను 2006 బ్యాచ్, మీకు నాలుగేళ్లు జూనియర్ని. మన స్కూల్లో పదో తరగతి పిల్లలకి సాయంత్రం టిఫిన్ పెడుతున్నాం, ఒక రోజుకి 900 అవుతుంది. నేను రెండు రోజులు తీసుకున్నా. మీరు ఒక రోజు తీసుకుంటారా? ఖాతా సంఘం పేరు మీద ఉంది, రసీదు వస్తుంది, మార్చి నెలాఖరుకి మొత్తం లెక్క పంపిస్తాం." అంతే. ఊరి సంగతులు మాట్లాడండి, వాళ్ల ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం కనుక్కోండి, కానీ అడగాల్సింది మాత్రం సూటిగా అడగండి. కుదరదంటే "పర్లేదు అన్నా, మార్చిలో పరీక్షల ముందు ఒకసారి వచ్చి పిల్లలతో మాట్లాడండి" అనండి. క్లాస్‌మేట్‌తో అయితే ఇంత మర్యాద అక్కర్లేదు, "ఒరేయ్, నీ వంతు వెయ్యి" అన్నా చెల్లుతుంది, కానీ ఆడవాళ్లకి మాత్రం పైన చెప్పినట్టు ఆడవాళ్లే చేయాలి. పెళ్లయిన చాలామందికి తన పేరు మీద, తన ఇష్టంతో ఇవ్వగలిగేది చిన్న మొత్తమే అయ్యుండొచ్చు. రెండొందలు ఇచ్చినా రసీదు అదే గౌరవంతో వెళ్లాలి.

ఎవరెంత ఇచ్చారన్న జాబితా గ్రూపులో వేయడం నాకు నచ్చదు. లక్ష ఇచ్చినవాడి పక్కన ఐదొందలు ఇచ్చినవాడి పేరు చూస్తే అతను వచ్చే ఏడాది ఇవ్వడు, తక్కువైందని నామోషీ పడతాడు. దాతల పేర్లన్నీ అక్షరక్రమంలో వేయండి, మొత్తాలు బ్యాచ్‌లవారీగా వేయండి, ఎవరికి వాళ్లకి రసీదు విడిగా పంపండి. బ్యాచ్‌ల మధ్య పోటీ మాత్రం ఆరోగ్యకరమే, "2004 వాళ్లు ఇచ్చారట, మనం ఊరుకుంటామా" అన్నది మన ఊళ్లలో బాగా పనిచేస్తుంది.

అన్నిటికన్నా నమ్మకమైనది నెలనెలా వచ్చే చిన్న మొత్తం. వంద మంది నెలకి 200 చొప్పున యూపీఐ ఆటోపే పెట్టుకుంటే ఏడాదికి 2,40,000. ఖాళీగా ఉన్న లెక్కల పోస్టుకి, అధికారుల అనుమతితో, ఊళ్లో బీఈడీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిని పది నెలలు పెట్టుకోవడానికి అదే ఆధారం. ఒకసారి వచ్చిన పెద్ద విరాళంతో మనిషికి జీతం ఇవ్వడం మొదలుపెట్టకూడదు, అది అయిపోయాక మధ్యలో ఆపాల్సి వస్తుంది.

పాతికేళ్ల సమ్మేళనం చేసుకునే బ్యాచ్ ఉంటే, వసూళ్లు మొదలుకాకముందే మాట్లాడండి. మనిషికి 2,500 అనుకుంటే అందులో 1,000 బడికి అని ముందే చెప్పేస్తే ఎవరూ కాదనరు. ఫంక్షన్ అయ్యాక మిగిలినది బడికి ఇద్దామంటే మిగిలేది ఏమీ ఉండదు, టెంటు, సౌండ్ సిస్టమ్, మెమెంటోలు అన్నీ మింగేస్తాయి.

లెక్క చెప్పడం

ప్రతి పనికి ఒక పేజీ. వచ్చింది, ఖర్చయింది, మిగిలింది, బిల్లుల ఫోటోలు. తేదీ ముందే చెప్పి ఆ తేదీకే పంపండి. డబ్బు మిగిలితే ఎంత మిగిలిందో, దాన్ని ఏం చేయబోతున్నారో రాయండి. ధర పెరిగి ఎక్కువైతే అదీ రాయండి. బడి నోటీసు బోర్డులో కూడా ఒక కాపీ అంటించండి, వాట్సాప్ లేని పెద్దవాళ్లు చదువుతారు.

ఇచ్చిన ప్రతి వస్తువునీ బడి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, హెడ్మాస్టర్ గారి సంతకం, తేదీతో ఆ పేజీ కాపీ తీసుకోండి. ఇది అనుమానం కాదు, పద్ధతి. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చినవారికి ప్రొజెక్టర్ ఎవరిచ్చారో, ఎక్కడుండాలో ఆ పేజీ చెప్తుంది. ఆయన చేరిన వారంలోనే కమిటీ వెళ్లి పరిచయం చేసుకుని పాత జాబితా చేతికివ్వండి.

డబ్బు కాని సాయం

దీన్ని అందరూ చివర్లో చూస్తారు, నన్నడిగితే ఇదే అన్నిటికన్నా లాభసాటి. ఎనిమిదో తరగతి పిల్లలకి ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలే రాయాలి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపుండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, అంటే నాలుగేళ్లకి 48,000. మీరు ఆదివారాలు వెళ్లి రీజనింగ్, లెక్కలు చెప్పి ఐదుగురిని గట్టెక్కిస్తే ఆ పిల్లల ఇళ్లకి వచ్చేది 2,40,000. పైన చెప్పిన వంద మంది ఏడాది చందా అంత! ఖర్చు మోడల్ పేపర్ల జిరాక్స్, మీ పెట్రోలు. ఊరికి దగ్గర్లో ఉన్న ఇద్దరు పూర్వ విద్యార్థులు, డిగ్రీ చదివే పిల్లలైనా సరే, ఈ పని చేయగలరు. పేపర్లు టైప్ చేసి పంపడం దూరాన ఉన్నవాళ్ల పని.

అలాగే పది తర్వాత ఏంటి అన్నది. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ, ఒకేషనల్, ఏది ఎప్పుడు దరఖాస్తు చేయాలో ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలే ఎక్కువ. ఫలితాలొచ్చిన వారంలో బడిలో ఒక టేబుల్ వేసుకుని ఇద్దరు కూర్చుని, దరఖాస్తులు నింపి పెడితే చాలు. సభలో మైకు పట్టుకుని చెప్పే ప్రేరణ ప్రసంగాలకన్నా ఇది వంద రెట్లు నయం.

వస్తువులు, సమయం ఇవ్వదలుచుకున్నవాళ్లకి కేంద్ర విద్యాశాఖ 2021 సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన విద్యాంజలి పోర్టల్ కూడా ఉంది, బడి తన అవసరాలు అందులో పెడితే మీరు ఆన్‌లైన్‌లోనే ఎంచుకోవచ్చు. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చిన పదకొండు అంకెల గుర్తింపు నంబర్, యూడైస్ కోడ్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి, కంపెనీల దరఖాస్తుల్లో కూడా అడుగుతారు.

కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు గురించి క్లుప్తంగా. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీలు, ఇంకా టర్నోవర్, నికర విలువల్లో పెద్దవి, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్తోంది. తమ ప్లాంటు ఉన్న ప్రాంతానికే ముందు చూడాలని కూడా ఉంది. మీ మండలంలో సిమెంటు ఫ్యాక్టరీయో మందుల కంపెనీయో ఉంటే, అందులో పనిచేసే పూర్వ విద్యార్థిని వెంటబెట్టుకుని వెళ్లండి. సంఘం ద్వారా ఇవ్వాలంటే 12ఎ, 80జి, సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు చేయించుకునే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, మూడేళ్ల అనుభవం అడుగుతారు. అందుకే కాగితాలు ముందే సిద్ధం చేసుకోమంటున్నా.

కాలేజీలు, యూనివర్సిటీలు

ఇక్కడ మొత్తాలు పెద్దవి, పద్ధతి అదే. బాపట్లలో పుట్టి ఐఐటీ మద్రాస్‌లో ఎంటెక్ చేసిన కృష్ణా చివుకుల గారు 2024లో ఆ సంస్థకి 228 కోట్లు ఇచ్చారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో డాక్టరుగా స్థిరపడిన గవిని ఉమ గారు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి 2022లో సుమారు 20 కోట్లు ప్రకటించారు, అదీ ఆ కాలేజీ ఉత్తర అమెరికా పూర్వ విద్యార్థుల కలయికలోనే. ఐఐటీ బాంబే 1998 బ్యాచ్ 2023లో తమ పాతికేళ్ల వేడుకకి 57 కోట్లు ఇస్తామని ముందుకొచ్చింది. ఇవి వార్తల్లో చూసి మన డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ ఒక ఉత్తరం రాస్తే రావు. ఏటా కలుసుకునే అలవాటు, నడిచే సంఘం ముందే ఉన్నచోట పడ్డాయవి.

కాలేజీలు చేయాల్సిన మొదటి పని, సర్టిఫికెట్ల కోసం పిల్లలు వచ్చినప్పుడే సొంత ఈమెయిల్, ఇంట్లోవాళ్ల నంబర్ తీసుకోవడం. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ చదువు అయ్యాక ఎవరూ తెరవరు. ఇద్దరు ఉద్యోగులతోనైనా ఒక పూర్వ విద్యార్థుల విభాగం ఉండాలి. కాలేజీల నాణ్యతని అంచనా వేసే న్యాక్ సంస్థ గుర్తింపులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి మార్కులున్నాయి కాబట్టి చాలా కాలేజీలు న్యాక్ బృందం వచ్చే ఏడాదే సంఘం పెట్టి, ఫోటోలు తీసి, మర్చిపోతున్నాయి. పూర్వ విద్యార్థులకి అది వెంటనే తెలిసిపోతుంది. శాశ్వత నిధి పెట్టాలనుకుంటే లెక్క తేలికే: 5 లక్షలు డిపాజిట్ చేసి 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 35,000, దాంతో ఇద్దరు పిల్లల హాస్టల్ ఖర్చులో కొంత భాగం ఏటా గడుస్తుంది, అసలు కదలదు. దాత పేరు మీద బంగారు పతకం పెట్టడం మన యూనివర్సిటీల్లో పాత ఆనవాయితీ. పతకంతో పాటు మెస్ బిల్లు కట్టలేని పిల్లకి సాయం అనే ఎంపిక కూడా దాత ముందు పెట్టండి, చాలామంది రెండోదే ఎంచుకుంటారు.

చివరిగా ఒక పని, ఏటా చేయాల్సింది. పదో తరగతి పిల్లలకి వీడ్కోలు సభ జరిగే రోజు సంఘం నుంచి ఇద్దరు వెళ్లండి. ప్రతి పిల్లా పిల్లవాడి పేరు, ఇంట్లో పెద్దవాళ్ల నంబర్, ఏం చదవాలనుకుంటున్నారో రాసుకోండి. అమ్మాయిల విషయంలో పుట్టింటి నంబర్‌తో పాటు ఒక స్నేహితురాలి నంబర్ కూడా రాసుకుంటే పదేళ్ల తర్వాత వెతుక్కునే పని తప్పుతుంది. వాళ్లలోంచి ఇద్దర్ని అప్పుడే బ్యాచ్ బాధ్యులుగా ఎంచుకోమనండి. ఉద్యోగాలు వచ్చేదాకా వాళ్లని ఒక్క రూపాయి అడగకండి. జూన్‌లో ఫోన్ చేసి సీటు ఎక్కడొచ్చిందో కనుక్కోండి, ఫీజు దగ్గరో, హాస్టల్ దగ్గరో ఇబ్బంది ఉంటే కమిటీకి చెప్పమనండి.